అక్షరానికి సాక్షి ఎవరు? హార్ఫ్‌బజ్ పరీక్షల సంపుటిపై ఒక విమర్శ

'స్త్రీ' అన్న మాటను మనం ఒకే అక్షరంగా చూస్తాం. కంప్యూటరు మాత్రం దాన్ని ఆరు సంకేతాలుగా దాచుకొంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వరసలో అన్నిటికంటె చివర వచ్చిన గుడిదీర్ఘం తెరమీద అన్నిటికంటె ముందున్న 'స' నెత్తిన కూర్చోవాలి. త వత్తు కిందికి దిగాలి, ర కాస్తా క్రావడిగా మారాలి. ఈ సర్దుబాటు ఫాంటులో దానంతట అది జరిగిపోదు. ఫాంటులో ఉండేవి అక్షరరూపాలూ, వాటిని ఎప్పుడు మార్చాలో చెప్పే పట్టికలూ మాత్రమే. సంకేతాల వరసను అక్షరాలుగా విడగొట్టి, ఏది మూలహల్లో ఏది వత్తో తేల్చి, ఆ పట్టికలను అన్వయించే ప్రోగ్రాము వేరే ఉంటుంది. సౌలభ్యం కోసం దాన్ని ఇక్కడ 'కూర్పరి' అంటాను. అచ్చుకూటంలో సీసపు అక్షరాలను పేర్చిన కంపోజిటరు చేసిన పనే ఇదీ చేస్తుంది. తేడా ఒక్కటే. కంపోజిటరుకు తెలుగు వచ్చు.

ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లూ, ఆండ్రాయిడ్ ఫోన్లూ వాడుతున్న కూర్పరి పేరు హార్ఫ్‌బజ్. 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి లిబ్రాఫీసు కూడా అన్ని రకాల కంప్యూటర్ల మీదా దీన్నే వాడుతున్నది. పేరు పారసీ మాట. 'ఓపెన్‌టైప్' అన్న ఫాంటు సాంకేతికం పేరుకు చేసిన అనువాదం. ఇరాన్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన బెహదాద్ ఎస్ఫాబోద్ దీనికి ప్రధాన రచయిత. సోర్సు కోడు బహిరంగంగా ఉంటుంది. ప్రపంచంలో ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా సవరణ పంపవచ్చు. ఆ పంపినవారికి తెలుగు రానక్కరలేదు. నిర్వాహకులకూ రానక్కరలేదు. అయినా మన ఫోనులో 'స్త్రీ' సరిగానే కనిపిస్తున్నది. భాష తెలియనివారు రాసి, భాష తెలియనివారు ఆమోదించిన సవరణలతో మన లిపి ఇంత చక్కగా ఎలా నిలబడింది? నిలబడినట్లు కనిపించేది నిజంగా నిలబడిందేనా? ఈ రెండు ప్రశ్నల కోసం హార్ఫ్‌బజ్ పరీక్షల సంపుటిని ఒక గ్రంథాన్ని చదివినట్లు చదవదగునని నా అభిప్రాయం.

ముందు దాని నిర్మాణం చూద్దాం. ముఖం తెలియని మనిషి పంపిన సవరణను నిర్వాహకులు ఎలా నమ్మాలి? చూసే కళ్ళు ఎన్ని ఎక్కువైతే దోషాలు దాగడం అంత కష్టమన్న వాదాన్ని ఎరిక్ రేమండ్ 1997లో ప్రచారంలోకి తెచ్చారు. అది చాలాకాలం బహిరంగ సాఫ్ట్‌వేరు వర్గాల్లో ఆప్తవాక్యంగా చెల్లింది. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో బయటపడిన 'హార్ట్‌బ్లీడ్' దోషం 2012 నుంచీ అందరి కళ్ళెదుటా ఉన్నదే. కళ్ళుండటం వేరు, చూడమని ఒకరికి పని అప్పగించడం వేరు. హార్ఫ్‌బజ్ నిర్వాహకులు నమ్మకాన్ని మనుషుల మీద పెట్టలేదు, పరీక్షల మీద పెట్టారు. ఒక సవరణ ప్రతిపాదనగా రాగానే వేర్వేరు ఆపరేటింగ్ సిస్టముల మీద యంత్రాలు దాన్ని తమంతట తామే తయారుచేసి సంపుటిలోని పరీక్షలన్నిటినీ నడుపుతాయి. ఎక్కడ తప్పిందో అక్కడ ఎర్రగుర్తు పడుతుంది. మనిషి చదవడం తరవాతి సంగతి.

ఆ పరీక్ష రూపం నాకు బాగా నచ్చింది. ఒక్క పంక్తి, నాలుగు భాగాలు. మొదటిది ఫాంటు ఫైలు పేరు. రెండోది ప్రత్యేకంగా ఇవ్వవలసిన సూచనలేమైనా ఉంటే అవి. మూడోది సంకేతాల వరస. నాలుగోది రావలసిన ఫలితం, అంటే ఏ అక్షరరూపాలు ఏ వరసలో ఏ స్థానంలో రావాలో ఆ జాబితా. క్షేత్రపరిశోధనకు వెళ్ళిన విద్యార్థి రాసుకొనే పదచీటీ లాంటిదే ఇది: మాట, ఎవరు పలికారు, ఏ సందర్భం, ఏ రూపం. ఎవరైనా ఒక తప్పు తెలియజేస్తే దాన్ని దిద్దడంతో పని ముగియదు. ఆ తప్పును పట్టే పంక్తి ఒకటి సంపుటిలో చేరుతుంది. మూడేళ్ళ తరవాత మరొకరు తెలియక అదే తప్పు తిరిగి తెస్తే ఆ పంక్తి అడ్డుపడుతుంది. ఫాంటు మొత్తాన్ని చేర్చరు. ఆ మాటకు కావలసిన రూపాలను మాత్రం కత్తిరించి చిన్న ఫైలుగా చేస్తారు. చోటు కలిసివస్తుంది, పరీక్ష దేని గురించో కూడా స్పష్టమవుతుంది. మన వ్యాకరణాల్లో సూత్రానికి ఒక ఉదాహరణ ఇచ్చి తృప్తిపడతారు. ఇక్కడ ఉదాహరణలు పోగుపడి, సూత్రం రాసినవాడిని నిలదీస్తాయి. సూత్రం మార్చుకోవచ్చు గాని ఉదాహరణను తీసేయాలంటే కారణం చెప్పాలి. భాషాశాస్త్రం చదివేవారు ఈ క్రమశిక్షణను గమనించాలి.

ఈ చిన్న చీటీలతో పాటు పెద్ద తూనిక ఒకటి జరిగింది. 2010ల తొలి భాగంలో భారతీయ లిపుల కోసం కూర్పరిని తిరగరాస్తున్నప్పుడు, వికీపీడియాల నుంచి తీసిన పదాల జాబితాలను రెండు ప్రోగ్రాములకు ఇచ్చి ఫలితాలను పోల్చారు. ఒకటి హార్ఫ్‌బజ్. రెండోది విండోస్‌లో ఉండే మైక్రోసాఫ్ట్ వారి కూర్పరి యూనిస్క్రైబ్. సవరణల పక్కన రాసిన టిప్పణుల్లో ఆ లెక్కలు కనిపిస్తాయి. ఒక దశలో తెలుగులో 9,70,573 పరీక్షలకు 18 మాత్రమే తప్పాయి. తమిళంలో 10,91,754 పరీక్షల్లో ఒక్కటీ తప్పని స్థితి వచ్చింది. కన్నడంలో తొమ్మిదిన్నర లక్షలకు కొన్ని వందలు తప్పాయి. ఒడియాలో 42,329కి 9.

ఈ అంకెలను చూసి సంతోషించే ముందు వాటిని చదవడం నేర్చుకోవాలి. తమిళం సున్నాకు చేరడంలో వింత లేదు. ఆ లిపిలో వత్తులు లేవు, పుళ్ళి పెట్టి హల్లులను విడివిడిగా రాస్తారు గనక కూర్పరికి పని తక్కువ. ఒడియాలో తప్పినవి తొమ్మిదే, తెలుగులో పద్దెనిమిది. అయినా నిష్పత్తి కడితే ఒడియా తప్పులు మనకంటె పదకొండు రెట్లు ఎక్కువ. అంతకంటె ముఖ్యమైనది ఆ 42 వేల సంఖ్య. పరీక్ష ఎంత లోతుగా జరిగిందనేది ఆ భాష సంక్లిష్టతను బట్టి నిర్ణయం కాలేదు, ఆ భాషలో స్వచ్ఛందంగా వికీపీడియా రాసినవారు ఎందరన్నదాన్ని బట్టి నిర్ణయమైంది. వికీపీడియాలో వ్యాసం రాసిన గృహిణీ, పదవీవిరమణ చేసిన ఉద్యోగీ తాము కూర్పరికి పరీక్ష పెడుతున్నామని అనుకొని ఉండరు. పెట్టినవారు మాత్రం వారే.

ఇక అసలు విమర్శ. ఆ 18 తప్పులు ఏమిటి? తెలుగుకు విరుద్ధమైనవి కావు, యూనిస్క్రైబ్‌కు భిన్నమైనవి. మిగిలిన తొమ్మిది లక్షల డెబ్భైవేల పైచిలుకు 'నెగ్గినవి' తెలుగులో ఒప్పని ఎవరూ చెప్పలేదు. రెండు యంత్రాలు ఏకీభవించాయి, అంతే. ఇది తెలిసి చేసిన పనే గాని అజ్ఞానంతో చేసింది కాదు. హార్ఫ్‌బజ్‌లో ఒక మీట ఉంది. దాన్ని వేస్తే కూర్పరి యూనిస్క్రైబ్ దోషాలను కూడా ఉన్నవున్నట్లు అనుకరిస్తుంది. పోల్చేటప్పుడు ఎదుటివాడి తప్పులనూ అనుకరిస్తే మిగిలిన తేడాలు తన తప్పులే అవుతాయి గనక ఏరుకోవడం తేలిక. అలా ఒక మీట పెట్టవలసి వచ్చిందంటే, ప్రమాణంగా తీసుకొన్నది దోషరహితం కాదని వారికి తెలుసునన్నమాట. సాక్షి అబద్ధం చెప్పే చోట్లు తెలిసి కూడా ఆ సాక్షినే పిలిచారు.

ఎందుకని అడిగితే సమాధానం ఉంది. ఫాంటులు తయారుచేసేవారు వాటిని విండోస్ మీద చూసుకొంటూ తయారుచేశారు. యూనిస్క్రైబ్ ఒకచోట వంకరగా నడిస్తే ఫాంటు పట్టికలను ఆ వంకరకు తగ్గట్టు దిద్దుకొన్నారు. తరవాత వచ్చిన కూర్పరి తిన్నగా నడిస్తే ఆ ఫాంటులన్నీ చెడతాయి. లేఖకుడి పొరపాటు నలుగురి చేతా నకలైతే పాఠమై కూర్చున్నట్లే ఇదీ. తాళపత్రాలు పరిష్కరించేవారికి ఇది రోజూ ఎదురయ్యే చిక్కే, మనం దాన్ని ప్రత్యంతరాలు పక్కన పెట్టుకొని విప్పుకొంటాం. తొలిదశలో పని జరగడానికి యూనిస్క్రైబ్‌ను ప్రమాణంగా తీసుకోవడాన్ని నేను తప్పుపట్టను. మరొక దారిలో లక్షల పదాలను ఒక్కచోట తూచడం సాధ్యమయ్యేది కాదు. నా అభ్యంతరం ఆ తరవాతి దశ గురించి. తూనిక అయ్యాక కూడా సంపుటిలో పరీక్ష చేర్చే మామూలు పద్ధతి ఏమిటంటే, ప్రస్తుతం ప్రోగ్రాము ఇస్తున్న ఫలితాన్నే నమోదుచేసి దాన్ని 'రావలసిన ఫలితం' అనడం. చేర్చే మనిషి దాన్ని చూసి సరేననుకోవాలి. ఆ మనిషికి భాష రాకపోతే ఆ సరే దేనికి సాక్ష్యం?

ఒక ఉదాహరణ తీసుకొంటే చిక్కు స్పష్టమవుతుంది. కర్ణాటకలో చదివే మన విద్యార్థులకు ఇది రోజూ కనిపించేదే. 'సూర్య' అన్న మాటకు కన్నడంలోనూ తెలుగులోనూ సంకేతాల వరస ఒకటే: స, కొమ్ముదీర్ఘం, ర, పొల్లు, య. తెలుగులో ర నిలిచి ఉండి యకారం వత్తుగా దిగుతుంది. కన్నడంలో యకారం నిలిచి, ర కాస్తా 'అర్కావొత్తు' అనే గుర్తుగా కుడిపక్కకు వెళుతుంది. మనకూ ఒకప్పుడు అటువంటి గుర్తు ఉండేది. అదే వలపలగిలక. పాత వ్రాతప్రతుల్లోనూ పాత అచ్చు పుస్తకాల్లోనూ చూస్తాం. కంప్యూటరులో దాన్ని తెప్పించాలంటే ర, పొల్లుల తరవాత కంటికి కనిపించని 'జాయినర్' సంకేతం ఒకటి వేయాలి. హార్ఫ్‌బజ్ ఈ భేదాన్ని గుర్తించింది. దాని పట్టికలో కన్నడం ఎదుట ఈ గుర్తు దానంతట అదే ఏర్పడుతుందనీ, తెలుగు ఎదుట అడిగితేనే ఏర్పడుతుందనీ వేరువేరుగా రాసి ఉంది. పక్కపక్క పంక్తుల్లో ఉన్న ఆ చిన్న భేదంలో రెండు లిపుల చరిత్ర ఇమిడి ఉందని మనకు తెలుస్తుంది. తెలియని ప్రోగ్రామరుకు అది ఒకేలాంటి రెండు పంక్తుల్లో అనవసరమైన తేడాగా తోచవచ్చు.

ఎవరో ఒకరు 'ఈ రెండు లిపులూ చూడటానికి ఒకేలా ఉన్నాయి, నియమాలను కలిపేస్తే కోడు పొట్టి అవుతుంది' అని సవరణ పంపారనుకొందాం. కన్నడ పద్ధతిని తెలుగుకు రుద్దితే సూర్యుడూ, ధర్మమూ, కార్యమూ ఒక్కసారిగా తప్పుతాయి. వికీపీడియా పదాలు లక్షల్లో ఉన్నాయి గనక ఆ సవరణ పట్టుబడుతుంది. అది ఈ పద్ధతి గొప్పతనమే. అదే సవరణ మరోలా వచ్చిందనుకొందాం: 'తెలుగులో ఈ గుర్తును ఎవరూ వాడటం లేదు, ఆ దారి తీసేద్దాం.' వికీపీడియా పదజాబితాలో వలపలగిలక కోసం జాయినర్ వేసి రాసిన మాటలు ఎన్ని ఉంటాయి? ఇవాళ తెలుగు రాసేవారు ఆ గుర్తు వాడరు గనక ఆ జాబితా దాని ఊసెత్తదు. అటువంటి మాటకు విడిగా చీటీ రాసిపెట్టి ఉంటే తప్ప యంత్రాలన్నీ పచ్చగుర్తు చూపి ఊరుకొంటాయి. తరవాత పాత గ్రంథాన్ని ఉన్నదున్నట్లు తెరమీద పునర్ముద్రించాలనుకొన్న పరిశోధకుడికి మాత్రం తెలుస్తుంది. 99.998 శాతం నెగ్గడమంటే వాడుకలో ఉన్న తెలుగుకు నెగ్గడమే. వాడుక తప్పినదాని గురించీ, ఇంకా రాతలోకి రానిదాని గురించీ ఆ అంకె నోరెత్తదు.

ఇంకా రాతలోకి రానిదన్నది మనకు మరీ ముఖ్యం. తెలుగునాడుకు బయట తరాలుగా మాట్లాడుతున్న తెలుగు చాలావరకు పుస్తకాలకు ఎక్కలేదు. దాన్ని రాయాలంటే బడిలో నేర్పిన వర్ణమాల ఒక్కొక్కచోట చాలదు. దంత్యమైన ౘ, ౙలు 2008లో యూనికోడ్ 5.1లో చేరాయి. శాసనాల్లో కనిపించే ౚ 2015లో వచ్చింది. నకారపొల్లు 2021 దాకా ఆగింది. ఉర్దూ, అరబ్బీ ధ్వనులను చూపడానికి పనికివచ్చే చుక్క కూడా ఆ ఏడే తెలుగుకు వచ్చింది. మరాఠీ తెలిసిన విద్యార్థులకు చకారానికి రెండు ఉచ్చారణలుంటాయనడం కొత్త కాదు, రాతలో ఒకే అక్షరంతో సరిపెట్టుకోవడమూ కొత్త కాదు. కానీ ఒక మాండలికాన్ని సేకరించేటప్పుడు సరిపెట్టుకోవడం కుదరదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం రైతుల నోటి నుంచి మాటలను సేకరించింది, అచ్చయిన నిఘంటువుల నుంచి కాదు. నిఘంటువులో లేని మాటను నిఘంటువుతో పరీక్షించలేం. వికీపీడియాలో లేని అక్షరాన్ని వికీపీడియాతో పరీక్షించలేం. సంకేతం కేటాయించినంత మాత్రాన అక్షరం పుట్టినట్లు కాదు. దానికి వత్తు ఉందా, కొమ్ము ఎక్కడ తగులుతుంది, పొల్లు ఎలా పడుతుంది, ఇవన్నీ తేలి ఫాంటులోనూ కూర్పరిలోనూ కుదరాలి. అవి కుదిరాయని చెప్పగలిగేది వ్యవహర్త ఒక్కడే.

పరీక్షల్లో రెండు జాతులున్నాయని ఇక్కడ విడదీసి చెప్పుకోవాలి. ఒకటి, ప్రోగ్రాము పడిపోకుండా నిలిచిందా అన్నది. రెండు, ఇచ్చిన ఫలితం సరైనదేనా అన్నది. మొదటిదానికి ఏ భాషా తెలియనక్కరలేదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను స్తంభింపజేసిన 'తెలుగు అక్షరం' కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. పత్రికలు జ్ఞా అన్న అక్షరమే ఫోనును చంపుతుందన్నట్లు రాశాయి. నిజానికి జ్ఞానం అని మామూలుగా రాస్తే ఏమీ కాదు. జ, పొల్లు, ఞ తరవాత 'నాన్‌జాయినర్' అనే అదృశ్య సంకేతం పడి, ఆ పైన దీర్ఘం వస్తేనే తంటా. దేవనాగరిలోనూ బెంగాలీలోనూ అటువంటి వరసలకు అదే జరిగింది. నాన్‌జాయినర్ మనకు అన్యమైనది కాదు. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో ట కింద వకారం దిగకుండా ఆపేది అదే. అది గుణింతపు గుర్తుకు ముందు పడటం మాత్రం ఎవరూ కావాలని చేయరు. ఎవరూ రాయనిది గనక ఎవరూ పరీక్షించలేదు. ఆపిల్ సంస్థ కూర్పరి సోర్సు బయటివారికి కనిపించదు. ఫిబ్రవరి 19న 11.2.6 వెర్షన్‌తో దిద్దారు. బహిరంగమైన ప్రోగ్రామయితే ఇలా జరిగేది కాదని నేననను. అనడానికి ఆధారం లేదు. హార్ఫ్‌బజ్ వంటి ప్రోగ్రాముల మీద 2016 చివర గూగుల్ మొదలుపెట్టిన ఓఎస్‌ఎస్-ఫజ్ ఏర్పాటు రాత్రింబవళ్ళు చెత్త దత్తాంశాలను, విరగ్గొట్టిన ఫాంటులను గుమ్మరిస్తుంటుందని మాత్రం చెప్పగలను. ఎవరూ రాయని వరసలను రాయడమే ఆ యంత్రం వృత్తి. మొదటి జాతి పరీక్ష ఇంతకంటె బాగా ఏర్పాటు కావడం కష్టం.

చిక్కంతా రెండో జాతిలోనే. యంత్రాలతో చేయించగలిగినదంతా చేయించి, మనిషి కావలసిన చోట మరో యంత్రాన్ని నిలబెట్టారు.

నిర్వాహకులను నిందించి ప్రయోజనం లేదు. కొద్దిమంది మనుషులు డజన్లకొద్దీ లిపులను మోస్తున్నారు. వారు ప్రతి భాషా నేర్చుకోవాలనడం అన్యాయం. కానీ తెలిసినవారు లోపలికి రాలేని విధంగా సంపుటి ఉండటం గురించి మాట్లాడవచ్చు. ఫాంటు ఫైళ్ళ పేర్లు తెరిచి చూడండి. ఒక్కొక్కటీ నలభై అంకెలూ అక్షరాలూ కలిసిన గొలుసు, ఆ ఫైలులోని విషయం నుంచి యంత్రం లెక్కగట్టిన ముద్ర. నకిలీకి తావులేని పేరే గాని నోరు తిరగని పేరు. మూడో భాగంలో తెలుగు మాట తెలుగులో ఉండదు, సంకేతాల సంఖ్యలుగా ఉంటుంది. నాలుగో భాగంలో రూపాల సంఖ్యలూ, జరగవలసిన దూరాలూ. తెలుగు పండితుడికి ఈ పంక్తి చూపించి ఒప్పా తప్పా అని అడిగితే ఆయన ఏం చెబుతాడు? సాక్షికి అర్థంకాని భాషలో వాఙ్మూలం రాసుకొని సంతకం అడిగినట్లుంటుంది. అందుకే సంతకం యంత్రం చేత పెట్టించుకొన్నారు.

వేరే దారి లేకపోలేదు. యూనికోడ్ సంస్థ ప్రచురించిన పాఠచిత్రణ పరీక్షల సంపుటి ఒకటుంది. హార్ఫ్‌బజ్ దాన్ని కూడా తనలో చేర్చుకొంది. అందులో రావలసిన ఫలితం బొమ్మగా ఉంటుంది. కన్నడం కోసం ప్రత్యేకించిన పరీక్షలు అందులో ఉన్నాయి. బొమ్మను చూసి కన్నడం చదవగల ఎవరైనా ఇది ఒప్పు, ఇది తప్పు అనగలరు; దానికి ప్రోగ్రామింగు రానక్కరలేదు. బొమ్మకూ సంఖ్యల జాబితాకూ మధ్య యంత్రం నడవవచ్చు. సాక్ష్యం మాత్రం మనిషి కంటితో మొదలవుతుంది. హార్ఫ్‌బజ్ తన సొంత చీటీలకు కూడా ఇదే పద్ధతి పాటిస్తే, పక్కన ఆ మాటను మామూలు లిపిలో ఒక పంక్తి, అది ఎందుకు చేరిందో మరో పంక్తి రాసిపెడితే, ఆ సంపుటి భారతీయ లిపుల మీద వచ్చిన మంచి గ్రంథాల్లో ఒకటవుతుంది. ఇప్పుడది ఆ గ్రంథానికి గూఢలిపిలో రాసుకొన్న ముసాయిదా.

పరీక్షను చదవగలగడం అనేది పండితుల సరదా కాదని 2024 మార్చిలో మరో రకంగా రుజువైంది. ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేరులో, ఏళ్ళ తరబడి మంచి సవరణలు పంపి నమ్మకం సంపాదించి సహనిర్వాహకుడైన ఒక మారుపేరు వ్యక్తి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. ఆ దొంగసరుకును దాచిన చోటు పరీక్షల ఫైళ్ళు. చెడిపోయిన ఫైళ్ళను ప్రోగ్రాము ఎలా ఎదుర్కొంటుందో చూడటానికంటూ చేర్చిన ఫైళ్ళు గనక అవి అర్థంకాని చెత్తగా ఉండటం ఎవరికీ అనుమానం కలిగించలేదు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదేమిటని వెంటబడిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు మార్చి 29న దాన్ని బయటపెట్టారు. ఫాంటుల ముక్కలతో నిండిన సంపుటులన్నీ అనుమానాస్పదమని దీని భావం కాదు. హార్ఫ్‌బజ్‌లో ఫాంటును కత్తిరించి ముక్క చేసేది దాని సొంత పనిముట్టే, ఆ పని మళ్ళీ చేసి సరిచూసుకోవచ్చు. కానీ పరీక్ష కూడా ఒక సవరణే. దాన్ని కూడా చదివి చూడాలి. చదవగల రూపంలో ఉంటేనే చదవగలం.

తెలుగు శాఖల్లో చదివేవారు ఇందులో ఏం చేయగలరని అడగవచ్చు. పరీక్షాచీటీలో ఫాంటు ముక్కనూ, రూపసంఖ్యలనూ నిర్వాహకులే తయారుచేసుకోగలరు. వారి దగ్గర లేనివి రెండే: మాట, దానికి రావలసిన రూపం. హోసూరు పరిసరాల్లోనో, గంజాం జిల్లాలోనో, సోలాపూరులోనో ఇంట్లో మాట్లాడే తెలుగును నోటుపుస్తకంలోకి ఎక్కించిన విద్యార్థి దగ్గర ఆ రెండూ ఉన్నాయి. వాడుకలో లేని రూపాన్ని చేర్చమంటే నిర్వాహకులు ఆధారం అడుగుతారు. అడగాలి కూడా. పాత అచ్చుపుస్తకం పుట, శాసనం నకలు, వ్యవహర్త ఉచ్చారణను రాసుకొన్న చీటీ, వీటిలో ఏదో ఒకటి పక్కన పెట్టాలి. ఈ పనిలో భాషాశాస్త్ర విద్యార్థికి ప్రోగ్రామరు కంటె ఎక్కువ అర్హత ఉంది. ఆ అర్హతను ఎవరూ వచ్చి గుర్తించరు గనక మనమే వెళ్ళి తలుపు తట్టవలసి ఉంటుంది. మర్యాదగా, కొంచెం ఇంగ్లీషులో.

మొదటి చీటీకి ఒక మాట సూచిస్తాను. 'పచ్చడి'ని చాలామంది దంత్య చకారంతో పలుకుతారు. ఆ ఉచ్చారణను రాతలో చూపాలంటే ప, ౘ, పొల్లు, ౘ, డ, గుడి అని ఆరు సంకేతాలు వేయాలి. రావలసిన రూపం: మొదటి ౘ కింద రెండో ౘ వత్తుగా దిగాలి, పొల్లు విడిగా కనిపించకూడదు. మీ ఫోనులో ఒకసారి, శాఖలోని కంప్యూటరులో ఒకసారి, రెండు వేర్వేరు ఫాంటులతో టైపుచేసి చూడండి. వచ్చిన రూపం రావలసిన రూపం కాకపోతే, తప్పు ఫాంటుదో కూర్పరిదో తేల్చడానికి అవే సంకేతాలను మామూలు చకారంతో మరోసారి వేసి పోల్చండి. రెండు బొమ్మలూ పక్కపక్కన అతికించి, కింద ఫాంటు పేరూ, కూర్పరి వెర్షనూ, తేదీ రాయండి.